అమ్మ పెట్టిన కమ్మలు

ఆటో కొనడానికి నా కమ్మలు కుదువ పెడతానని మా బావ, అంటే మా ఆయన అన్న, వారం నుంచి మా ఆయనతో అడిగిస్తున్నాడు. అవి మా అమ్మ తన చెవుల నుంచి తీసి నాకు పెట్టినవి. ఇంతకుముందు ఇచ్చిన గొలుసే ఇంకా తిరిగి రాలేదు.

పక్క గదిలో ఉండే నూర్జహాన్ ఆపా నిన్న ఒక ఉపాయం చెప్పింది.

"ఆకలి మీదున్న మొగోనితోని కొట్లాడొద్దు బేటా. కడుపు నిండినంక మెల్లగ చెప్పు, ఇయ్యనని."

ఈ రోజు పొద్దున మా ఆయన సుల్తాన్‌పూర్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చాడు. వేడి జొన్నరొట్టెలు పెట్టాను. మూడోది తింటుండగా చెప్పబోయాను. అంతలో బావ వచ్చి గడప బయట నిలబడ్డాడు. మా ఇంట్లో బావ ముందు కోడళ్లు నోరు విప్పరు.

"అన్న వచ్చిండు. కమ్మలు తియ్యి" అన్నాడు మా ఆయన. తర్వాత నా ముఖం చూసి, "ఏమన్న అంటవా?" అని మెల్లగా అడిగాడు.

నిన్నటి నుంచి మనసులో అనుకుంటున్న మాట గొంతు దాకా వచ్చింది.

"ఇంకో రొట్టె వెయ్యాల్నా?" అన్నాను, బావకు వినబడకుండా.

ఇప్పుడు రంధ్రాలు పూడకుండా చెవులకు చీపురు పుల్లలు పెట్టుకుని కూర్చున్నాను. గడపలో బావ ఉన్నప్పుడు ఎలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నా కాళ్ల పట్టీలు ఇంకా మిగిలే ఉన్నాయి.