అప్పకు వాక్యాలు నేర్పిన రోజులు

కళింగపట్నంలో మేం అక్కను అప్ప అంటాం. మా అమ్మ మంచాన పడినప్పుడు అప్ప తొమ్మిదో తరగతిలోనే బడి మానేసి, ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుంది. ఆ సంపాదనతోనే నన్ను చదివించింది. నేను బీఎడ్ చేసి శ్రీకాకుళం పక్కన ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్నయ్యాను.

ఒక ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మా బావ, అప్ప మొగుడు, మరో ఇద్దరితో సముద్రంలో చేపల వేటకు వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆ ఇద్దరి శరీరాలు తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పడవ చెక్కలూ దొరికాయి. బావ మాత్రం దొరకలేదు.

దొరకని మనిషి విషయంలో ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. అప్ప అత్తగారు గడ్డిబొమ్మ చేసి కొడుకు కర్మ జరిపిద్దామంది. అప్ప ఒప్పుకోలేదు.

“ఒడిశా పక్కన ఏదో ఊళ్లో తేలుంటాడు. ఎవులో బోటోళ్లు ఎక్కించుకునుంటారు,” అనేది.

బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఆమె కనబడితే వీధిలో వాళ్లు మాట మార్చేవారు.

కొన్నాళ్లకు, అంగన్‌వాడీలో పని దొరకాలంటే పది పాసవ్వాలని ఎవరో చెబితే, ఓపెన్ స్కూలు పరీక్షకు కట్టింది. మిగతావి తనే చదువుకుంటానంది. ఇంగ్లీషు నాకు అప్పగించింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్లేదాన్ని. ఇసకలో పరిచిన వలల మీద నెత్తళ్ల చేపలు ఎండుతుంటే, మధ్యమధ్యలో కాకుల్ని తోలుకుంటూ, పక్కనున్న పాకలో కూర్చునేవాళ్లం.

సింపుల్ సెంటెన్స్ అప్పకు వెంటనే పట్టుబడింది. ‘ఐ సెల్ ఫిష్’ అని రాసి, “కర్త ఉన్నాది, క్రియ ఉన్నాది. ఇంకేటీ అక్కర్నేదా?” అంది. అక్కర్లేదన్నాను. కాంపౌండ్ కూడా బాగానే వచ్చింది. రెండు పూర్తి వాక్యాల మధ్య ‘అండ్’ అనో ‘బట్’ అనో పెట్టి కలిపేసేది. కాంప్లెక్స్ సెంటెన్స్ దగ్గర ఆగిపోయాం.

“ఒక ముక్క దానంతటది నిలబడతాది అప్పా, అది మెయిన్ క్లాజ్. రెండోది నిలబడదు. ‘వానొస్తే’ అని ఆపేసినావనుకో, వస్తే ఏటి అని అడుగుతారు గదా. అదే సబార్డినేట్ క్లాజ్.”

“అయితే ‘వస్తే’ అన్నదానికి ఇంగ్లీసులో ఏటంతారు?”

“రెండు మాటలున్నాయి. వస్తాదో రాదో తెలీకపోతే ‘ఇఫ్’. తప్పకుండా వస్తాదంటే ‘వెన్’.”

అప్ప పెన్ను పట్టుకుని వంగి, పలక మీద దిద్దుతున్నట్టు ఒక్కో అక్షరమే రాసింది. ‘వెన్ హి కమ్స్, ఐ విల్ కుక్ రైస్.’ కాగితం నావైపు తిప్పి, “తప్పున్నాదేటే?” అంది.

వ్యాకరణంలో తప్పు లేదు. కామా కూడా పెట్టింది.

“నేదప్పా,” అన్నాను. నాకు అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి.

బయట చేపలు తిరగేస్తున్న అత్తగారు లోపలికొచ్చి, ఏం రాసిందని నన్నడిగింది. చెప్పాను. ముసలమ్మ అప్ప ఎదురుగా నేల మీద కూలబడింది.

“ఒసే, నువ్వు ఆడికి అన్నం వొండుతానంతన్నావు. ఆడు నా కల్లోకొచ్చి దాహమేస్తందంతన్నాడే. నా కొడుక్కి నీళ్లొదలనీయే.”

అప్ప లేచి వెళ్లి చేపలు తిరగేసింది.

మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికి, “ముసిల్ది కూడు మానేసింది. నీ ఇట్టం అన్నాను,” అంది అప్ప.

వంశధార సముద్రంలో కలిసేచోట గడ్డిబొమ్మతో కర్మ జరిగింది. గాజులు తీస్తున్నంతసేపూ అప్ప చెయ్యి నేనే పట్టుకున్నాను. అది చల్లగా ఉంది. తను ఏడవలేదు. అత్తగారి ఏడుపే ఒడ్డంతా వినిపించింది.

పాఠాలు మానలేదు. ప్రశ్నా వాక్యాలు, ఆజ్ఞా వాక్యాలు అన్నీ అయ్యాయి. పరీక్షకు శ్రీకాకుళం తీసుకెళ్లి, నేను గేటు బయట కూర్చున్నాను. అప్ప బయటికొచ్చి మంచినీళ్లు తాగింది.

“కుటుంబం గురించి రాయమన్నారే. ‘మై హజ్బెండ్ వాజ్ ఎ ఫిషర్‌మేన్’ అని రాసినాను. ‘వాజ్’ ఒప్పేనా?”

“ఒప్పేనప్పా.”

తిరుగు బస్సు శ్రీకాకుళం దాటాక అప్ప చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. బావ పోయాక తను ఏడవగా చూడటం అదే మొదలు. కండక్టరు మా దగ్గరికొచ్చి, నేనిచ్చిన నోటు తీసుకుని, టికెట్లు చించి ముందుకెళ్లిపోయాడు.

ఆ పరీక్ష అప్ప పాసయింది. ఖాళీ లేదని అంగన్‌వాడీ పని ఇంకా ఇవ్వలేదు. అత్తగారు నిరుడు చనిపోయింది. చివరి నెలల్లో ఆవిడకి అన్నం కలిపి నోట్లో పెట్టింది అప్పే.