వెన్నెల పడవకు రెండో బంతి

మొన్న సాయంత్రం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, హాల్లో నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, పున్నమి రాత్రి సముద్రంలో కయాకింగుకు వెళ్లడం గురించి ఆఫీసు స్నేహితురాళ్లతో ఫోనులో మాట్లాడుతుంటే, నేను పక్కన గోరుచిక్కుడు కాయలు తుంపుతూ వింటున్నాను. కయాక్ అంటే ఏంటో అంతకు ముందే అడిగి తెలుసుకున్నాను లెండి. ఒక మనిషికో ఇద్దరికో సరిపోయే సన్నటి పడవట, ఎవరి తెడ్డు వాళ్లే వేసుకోవాలట. ఎవరెవరు వస్తారు, ఎవరికి ఈత రాదు, లైఫ్ జాకెట్లు వాళ్లిస్తారా మనం తెచ్చుకోవాలా, చంద్రుడు ఎన్నింటికి పైకొస్తాడు, అన్నీ ఆ గ్రూపులోనే తేలిపోతున్నాయి. ఇంట్లో ఎవరినీ అడిగింది లేదు, వెళ్తున్నానని చెప్పింది, అంతే. అవతల ఎవరో భయపడినట్టున్నారు, ఇది నవ్వి, "మా ఇంట్లో ఆడవాళ్లు ఆ కాలంలోనే వెన్నెల్లో పడవెక్కి సముద్రంలోకి వెళ్లొచ్చారే, మా పెద్దమ్మమ్మే అంతా ప్లాన్ చేసిందట, కావాలంటే మా అమ్మమ్మని అడుగు" అని నా వైపు తిరిగి కళ్లెగరేసింది. నేను కాయల పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ మాట దాని చెవికి ఎలా చేరిందో నాకు తెలుసు. ఆ రాత్రి అసలు జరిగింది చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు రాతకోతలు పెద్దగా రావు, కానీ ఒకసారి చూసింది మరిచిపోలేకపోవడం చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బు.

నాకు పెళ్లయి కాకినాడ కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో మా అత్తగారు, మా బావగారు, ఆయన భార్య ఉండేవారు. మా మనవరాలు చెప్పిన పెద్దమ్మమ్మ ఆవిడే; నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని, ఆవిడ కూడా నన్ను సొంత చెల్లెల్లాగే చూసుకునేది. ఆవిడ తండ్రికి కోనసీమ కాలువల మీద ధాన్యం మోసే పడవ ఉండేది. తల్లి చిన్నతనంలోనే పోతే, పిల్లను ఎవరి దగ్గరా వదలలేక ఆయన తనతోనే పడవలో తిప్పుకుని పెంచాడు, అందుకని పొయ్యి వెలిగించడం కంటే ముందు ఆవిడకు తెడ్డు వేయడం వచ్చింది. లాకుల దగ్గర తలుపులు తెరిచేదాకా పడవ కొట్టుకుపోకుండా గడ పట్టుకుని నిలబడడం, ఎదురుగాలి వస్తే గట్టు వారగా నడపడం, రాత్రుళ్లు ధాన్యం బస్తాల మీద వెల్లకిలా పడుకుని గట్టున కొబ్బరిచెట్లు వెనక్కి వెళ్లిపోవడం చూడడం, ఇవన్నీ మధ్యాహ్నం పూట బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ నాకు చెప్పేది, అదీ గొంతు తగ్గించి. ఎందుకంటే బావగారు ఓడల సరుకు చూసే ఒక ఆఫీసులో గుమాస్తా, పడవవాడి కూతురిని చేసుకున్నానని నలుగురికీ తెలియడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఎవరైనా అడిగితే మామగారిది ధాన్యం వ్యాపారం అనేవారు. సముద్రంలో కలిసే ఉప్పుటేరు మా ఇంటికి కూతవేటు దూరంలోనే ఉండేది, పోటెక్కినప్పుడు ఆ ఉప్పు వాసన వంటింటి దాకా వచ్చేది. అంత దగ్గరగా నీళ్లు పెట్టుకుని పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ పడవలో కాలు పెట్టలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సముద్రం నీళ్ల మీద తెడ్డు వేయాలని ఆవిడ కోరిక. కాలువ నీళ్లు తెడ్డుకు మెత్తగా తగులుతాయట, సముద్రం నీళ్లు ఎలా తగులుతాయో చూడాలట. అప్పటిదాకా ఆవిడ ఆ ఇంట్లో ఇంకేదైనా కోరగా నేను వినలేదు.

దానికోసం ఆవిడ పన్నిన పన్నాగం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్తగారితో నేరుగా చెబితే అయ్యే పని కాదు. అందుకని ఆశ్వయుజ మాసంలోనే మొదలుపెట్టి, కార్తీక పున్నమికి దీపాలు రేవులో కాకుండా సముద్రంలోకి వెళ్లి వదిలితే పుణ్యం ఎక్కువని ఎవరో పురాణంలో చెప్పగా విన్నానని, వంట చేస్తూ ఒకసారి, జడ వేస్తూ ఒకసారి అత్తగారి చెవిన వేస్తూ వచ్చింది. ఆ పురాణం చెప్పిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక నెల తిరిగేసరికి అత్తగారే, మనం కూడా వెళ్దామా అమ్మాయ్, అనే దాకా వచ్చింది.

ఇక పడవ. మా వీధిలో చేపలు అమ్మే ఆవిడ భర్తకు చిన్న నావ ఉంది. కానీ కార్తీకంలో మేము చేపలు కొనం కాబట్టి ఆవిడ మా గుమ్మం తొక్కదు. పక్కింటి టీచరమ్మగారు క్రైస్తవులు, వాళ్లింటికి మామూలుగానే వచ్చేది. అందుకని పున్నమి దాకా మా రాయబారాలు పెరటి గోడ మీదుగా నడిచాయి. టీచరమ్మగారు ముందే చెప్పేశారు, దీపాలు మీరు వదులుకోండి, పడవ మాత్రం నేనూ ఎక్కుతాను అని. ఒకరోజు చేపలావిడ గోడ అవతల గంప దించుకుని అన్నీ వివరంగా చెప్పింది. "పున్నమికి పోటు బాగా వస్తాదండి, వచ్చినంత జోరుగానూ లాగేస్తాదండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే ఎక్కి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకదిబ్బ మీద కాసేపుండి వచ్చెయ్యాలండి. ఆలస్యం చేస్తే నావ ఒండ్రులో కూర్చుంటాదండి, మళ్లీ పోటు దాకా కదలదండి."

అక్కయ్య కాసేపు తటపటాయించి, ఆవిడ భర్త తెడ్డు తనకిస్తాడా అని అడిగింది. ఆవిడ పకపకా నవ్వి, మీ చేతులు బొబ్బలెక్కిపోతాయి అమ్మగారూ అంది. అక్కయ్య మూలనున్న పొడుగు కర్ర చీపురు తీసుకుని, పెరట్లో తిరగేసిన రోలు మీద కూర్చుని, నడుము వంచి, రెండు చేతులతో గాలిలోనే తెడ్డు వేసి చూపించింది. గోడ అవతల చేపలావిడ నవ్వు ఆగిపోయింది. "అయితే మా ఆయన్ని కూర్చోబెట్టి మీరే నడిపేయండి" అంది. ఆ వారం రోజులూ అక్కయ్య ముఖం చూడాలి మీరు. ఊరికే కూనిరాగాలు తీసేది.

బావగారికి చెప్పింది అత్తగారే. మొదట కుదరదన్నారు, తల్లి పుణ్యం మాట ఎత్తేసరికి సరేనన్నారు. ఆ తరువాత మగతోడు లేకుండా ఎలా అన్నారు, కాబట్టి ఆయనా మా ఆయనా వస్తారని తేలింది. అంతవరకూ బాగానే ఉంది. ఆయన ఈ సంగతి ఆఫీసులో సరదాగా చెప్పారు, విన్న ఆఫీసరుగారు వెన్నెల్లో నావ షికారంటే తనకూ సరదాయే అన్నారట. ఇక ఆయన వస్తానన్నాక కాదనేదెవరు? ఆయనతో ఆయన స్నేహితులు. నావ చూస్తే చిన్నది. అందుకని రెండు విడతలుగా వెళ్దామన్నారు, ముందు ఆఫీసరుగారి వాళ్లు, తరువాత ఆడవాళ్లు. దిబ్బ మీద తిందామనుకున్న భోజనాలు, అన్నంలో ఇసుక పడుతుందని రేవు దగ్గరికి మారాయి. మేమనుకున్న పులిహోర, దద్దోజనాలకు గారెలు, బూరెలు, రెండు రకాల కూరలు తోడయ్యాయి. ఆ మార్పులన్నీ ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా జరిగాయంటే, ఎక్కడ అడ్డం చెప్పాలో కూడా మాకు తెలియలేదు.

ముందురోజు రాత్రి అత్తగారు అందరి ముందూ ఏర్పాట్లు చెబుతూ, మగవాళ్ల బంతి అయ్యాక మనం తిని, వాళ్లు తిరిగొచ్చాక తీరిగ్గా ఎక్కుదాం, ఎప్పుడూ ఉన్నదేగా అన్నారు. ఆ ఇంట్లో పెళ్లయినా, తద్దినమైనా, మామూలు రోజు మధ్యాహ్నమైనా అదే వరస, మగవాళ్లది మొదటి బంతి, మాది రెండోది. అప్పుడు అక్కయ్య, ఎన్నడూ లేనిది, తలెత్తి, "నీళ్లు రెండో బంతి దాకా ఆగవు అత్తయ్యగారూ" అంది.

అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. బావగారు మాత్రం నవ్వుతూనే, "కాలువ మీద పెరిగిన బుద్ధులు ఎక్కడికి పోతాయి" అన్నారు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాకు పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు, నోరు విప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

పున్నమి నాడు మేమంతా ఉపవాసం. పగలంతా వంట చేసి, చీకటి పడేసరికి గిన్నెలతో రేవుకు చేరాం. ఏట్లో నీళ్లు పై మెట్టు దాకా నిండుగా ఉన్నాయి, వెన్నెల పడి మెరిసిపోతున్నాయి, నావ మెట్టుకు ఆనుకుని చిన్నగా ఊగుతోంది. అక్కయ్య ఒక్కసారి వంగి దాని అంచు మీద చెయ్యి వేసి, మళ్లీ వచ్చి గరిటె పట్టుకుంది. విస్తళ్లు వేశాం, వడ్డించాం. ఆఫీసరుగారికి బూరెలు నచ్చాయి, తీరిగ్గా కబుర్లు చెబుతూ తిన్నారు. నావాయన రెండుసార్లు వచ్చి దగ్గాడు, మూడోసారి నీళ్లు నిలబడ్డాయండి అన్నాడు. అంటే ఇక పెరగవని. ఆ మాట వడ్డించేవాళ్లలో ఒక్కరికే అర్థమైంది. మగవాళ్లు చేతులు కడుక్కుని, తాంబూలాలు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నావ ఎక్కారు. బావగారు వెనక్కి తిరిగి, మీరు తినేసి ఉండండి, చిటికెలో వచ్చేస్తాం అని కేకేశారు.

మేము తినలేదు. వచ్చాక ఎక్కి, దీపాలు వదిలి అప్పుడు తిందామని అక్కయ్య అంది. టీచరమ్మగారు చాప పరిచి కూర్చున్నారు. పై మెట్టు మీద తడి గీత మిగిలి నీళ్లు కింది మెట్టుకు దిగాయి, ఆ తరువాత ఆ కింది మెట్టుకు. కాసేపటికి ఒండ్రు బయటపడి, వెన్నెల్లో నల్లగా మెరిసింది, దాని మీద సన్న సన్న పీతలు బయటికొచ్చి తిరగడం మొదలుపెట్టాయి. ఏరు మధ్యలో సన్నటి నీటిచాలు మాత్రం మిగిలింది. ఆ చాల్లో నావ రాదని నాకు కూడా అర్థమైంది.

వేళ దాటిపోతోంది, దీపాలైనా వదలండి అని అత్తగారన్నారు. అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి మెట్టు దిగి వదిలితే అవి ఎక్కడికీ కదలలేదు, బురద మీద అలాగే నిలబడి వెలుగుతూ ఉన్నాయి. అక్కయ్య ఆ దీపాలు దాటుకుని, చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, ఒండ్రులో దిగబడుతూ ఏరు మధ్యకు నడిచింది. వంగి, ఆ కాసిన్ని నీళ్లలో చెయ్యి ముంచి, వెనక్కీ ముందుకీ కదిపింది. చాలాసేపు అలాగే కదుపుతూ నిలబడింది. చీర పాడైపోతుంది, పైకి రా అని అత్తగారు పిలిచారు. వచ్చింది. కాళ్లు కడుక్కుని, మిగిలిన పులిహోర మూత పెట్టి, గిన్నెలు సర్దింది.

మగవాళ్లు తెల్లవారుజామున చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట నడిచి వచ్చారు. నావ మొగ దగ్గరే కూర్చుండిపోయిందట, దిబ్బ మీద పడుకుని వెన్నెల చూశారట, అలాంటి రాత్రి మళ్లీ రాదట. బావగారు ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, పులిహోరలో ఉప్పు కొంచెం తగ్గిందన్నారు.

అక్కయ్య అన్న రెండో బంతి మాట అక్కడితో పోలేదు. ఆ తరువాత ఆవిడ సినిమా అన్నా, తండ్రిని చూసి వస్తానన్నా బావగారు నవ్వుతూ, చూద్దాంలే, రెండో బంతిలో, అనేవారు. చుట్టాలకు కూడా ఆ హాస్యం నేర్పారు. ఆవిడ అడగడం మానేసింది. ఆ తరువాత ఆయనకు పై ఊళ్లకు బదిలీ అయింది, సముద్రం మాట అలా ఉంచండి, కుళాయి నీళ్లకే కరువైన ఊళ్లలో కాపురాలు చేశారు.

ఆయన రిటైరయ్యాక నేను వాళ్లను చూడడానికి వెళ్లినప్పుడు, ఇంటికొచ్చినవాళ్లకు బావగారు ఆ వెన్నెల రాత్రి కథ చెబుతూ కూర్చున్నారు. మా ఆవిడే అంతా ప్లాన్ చేసింది, ఇంటిల్లిపాదీ నావలో వెళ్లాం, ఆడవాళ్లు సముద్రం మధ్యలో దీపాలు వదిలారు అంటున్నారు. అబద్ధమాడుతున్నారేమో అని ముఖంలోకి చూశాను. కాదు, ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. అంతటితో ఆగక, కాఫీలు తెస్తున్న అక్కయ్య వైపు తిరిగి, "ఆ రోజు నువ్వెంత సంతోషపడ్డావో గుర్తుందా?" అని అడిగారు.

"గుర్తుందండి" అంది ఆవిడ.

నేను వంటింట్లోకి వెళ్లి, అలా ఎందుకన్నారు అక్కయ్యా అని నిలదీశాను. ఆవిడ పాలు పొంగకుండా స్టవ్ తగ్గించి, "ఆయన చెప్పేదాంట్లోనైనా నన్ను ఎక్కనీవే" అంది.

ఇద్దరూ పోయారు. అత్తగారు, మా ఆయన, టీచరమ్మగారు అంతకు ముందే పోయారు. బావగారి కథ మాత్రం పిల్లల దగ్గరా పిల్లల పిల్లల దగ్గరా బతికి ఉంది, మా మనవరాలికి ధైర్యం కూడా ఇస్తోంది.

మారలేదని ఎలా అంటాను, చాలా మారింది. ఇప్పటి పిల్లలు ఎవరికీ వడ్డించకుండానే పడవ ఎక్కుతున్నారు. సంతోషించాలి. కానీ మా మనవరాలు షూ లేసులు కట్టుకుంటూ తాళం చెవి ఊపుకుంటూ వెళ్తుంటే నాకు కోపం వచ్చింది, దాని మీద కాదు; ఇంత తేలికైన పని ఆ రోజు చేయనిచ్చి ఉంటే ఎవరికేం పోయేదని. ఆఫీసరుగారు కాసేపు గట్టున కూర్చుంటే వెన్నెల తరిగిపోయేదా?

మనవరాలికి నేను నిజం చెప్పలేదు, చెప్పను కూడా. అక్కయ్య నన్ను అడిగింది అది ఒక్కటే, దాన్ని నేను తీసేయలేను. కానీ నా ఈడు వాళ్లు మీరు, గిన్నెలు సర్దుకుంటూ గట్టున ఉండిపోయినవాళ్లు మీలోనూ ఉండి ఉంటారు, మీకు చెప్పకుండా పోవడం న్యాయం కాదనిపించింది. ఆవిడ ఆ పడవ ఎక్కలేదండి.