అందించిన ఆఖరి పాదం

ఈ ఉదయం మార్కెట్ దగ్గర కొత్త బెల్లం వాసన తగలగానే మా వీధి కవితల పోటీ గుర్తొచ్చింది. అనకాపల్లిలో నాతో చదువుకున్నవాళ్లు మరిచిపోయి ఉండరు. పిల్లలూ ముసలివాళ్లూ ఒకే జంపఖానా మీద కూర్చునేవారు. ఎవరి కవిత వాళ్లు కాగితం చూడకుండా చెప్పాలి. మొదటి బహుమతి కొత్త బెల్లం దిమ్మ.

ఆ ఏడు మా మామయ్య కూతురు రత్నం గానుగెద్దు మీద కవిత రాసింది. దానికి తొమ్మిదేళ్లు. పది రోజులు మా పెరట్లో తిరుగుతూ చెప్పుకుంటుంటే నాకూ వచ్చేసింది. పోటీలో ఆఖరి పాదం దగ్గర ఆగిపోయింది. నేను కింద నుంచి గట్టిగా అందించాను.

"అందిస్తే చెల్లదమ్మా," అన్నారు పోటీ నడిపే మాస్టారు. దిమ్మ ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారికి వెళ్లింది.

"నిన్నెవులు సెప్పమన్నారు బావా? నాకొచ్చెత్తంది కదా!" అని రత్నం ఏడ్చింది.

"నీకొచ్చేసరికి తెల్లారిపోద్దే," అన్నాను. ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

పెద్దయ్యాక మాకే పెళ్లి చేశారు. ముప్ఫై ఆరేళ్లు కలిసి ఉన్నాం. పోయిన ఏడాది పక్షవాతం వచ్చాక రత్నానికి మాటలు దొరికేవి కావు. నేను అందించబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపేది. ఆగేవాణ్ని. చాలాసార్లు మాట వచ్చేది కూడా.

చివరి రోజు "బావా, నువ్వు..." అని ఆగింది. చెయ్యి ఎత్తింది. నేను తన మొహం చూస్తూ కూర్చున్నాను. మాట రాలేదు.

అందిద్దామన్నా, ఈసారి అది నాకూ తెలియదు.