చెయ్యి లేని బేరం: నారాయణఖేడ్ నుంచి సూరత్

మొన్న బుధవారం తెల్లవారుతుండగా మహబూబ్ భాయ్ మా ఇంటి తలుపు కొట్టాడు. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే వాళ్ల అన్న ఖాజా, నమాజుకు లేచి కాళ్లు చేతులు కడుక్కుంటూ అక్కడే కూలిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. సాయంత్రం అసర్ నమాజు దాకా, అంటే అయిదింటి దాకా ఆపుతామని, ఈ ఎండల్లో ఆపైన ఆపలేమని అన్న కొడుకు ఫోన్‌లో చెప్పాడు.

"అన్న మొఖం సూడాలె విఠలన్నా," అన్నాడు మహబూబ్ భాయ్. "శానేండ్లాయె సూడక. ఆఖరిసారి మొఖమన్న సూడాలె."

రైలులో వెళితే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. విమానం తప్ప దారి లేదు. అతనికి చదువు రాదు, విమానాశ్రయం గడప తొక్కలేదు. నేను డిగ్రీ దాకా చదివాను, ఒకసారి విమానం ఎక్కాను. అందుకని ఇద్దరం బయలుదేరాం. ముందురోజు అమ్మిన తన సొంత ఎద్దుల జత డబ్బు అతని దగ్గర ఉంది. దాన్ని తెలిసిన కొట్టువాడికిచ్చి, ఫోన్‌లో నా ఖాతాలో వేయించాడు.

మేమిద్దరం నారాయణఖేడ్, కల్హేర్ చుట్టుపక్కల పశువుల అంగళ్లలో దళారులం. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పి, వేళ్లు పట్టి ధర చెప్పుకుంటాం. చుట్టూ ఎందరు మూగినా ఆ ధర ఎవరికీ తెలియదు. ఒకడికి చెప్పిన ధర ఇంకొకడికి చెప్పాలని లేదు. దాని మీదే నా ఇల్లు గడుస్తోంది. ఈ ప్రయాణం చెడిపోయింది కూడా దాని వల్లనే.

ఆరు గంటలకు బస్సు డిపోలో నిలబడి ఫోన్‌లో విమానం యాప్ తెరిచాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు హైదరాబాద్ నుంచి నేరుగా సూరత్. రెండు గంటల ప్రయాణం కూడా లేదు. ఒక్కొక్కరికి ఆరువేల నాలుగు వందలు.

"కొను," అన్నాడు మహబూబ్ భాయ్.

"ఆగు భాయ్. మొదటి మాటకే ఎవడన్న కొంటడా? సూసి పక్కకు జరుగుదాం. వాడే పిలుస్తడు."

అంత దుఃఖంలోనూ అతను నా వంక వింతగా చూశాడు. "గా విమానమోడు మన ఎనకొచ్చి అంగీ గుంజుతడా?"

అంగడిలో అలాగే గుంజుతారు. ధర అడిగి, పెదవి విరిచి, నాలుగడుగులు నడిస్తే చాలు, వెనక నుంచి కేక వస్తుంది. ఆ కేక కోసమే నేను ఫోన్ జేబులో పెట్టుకుని బస్సు ఎక్కాను.

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్‌కు పొద్దున బస్సులు బాగానే ఉన్నాయి. కుడివైపు కూర్చుంటే ఎండ తక్కువ. మేమెక్కింది ఆడవాళ్లకు ఉచితం లేని డీలక్స్ బస్సు; కండక్టర్ మా ఇద్దరికీ, మా వెనక కోళ్ల గంప పెట్టుకున్న ముసలమ్మకూ, ముందు సీట్లో కాలేజీ పిల్లకూ ఒకే ధరకు టికెట్లు కొట్టాడు. అది నేను అప్పుడు గమనించలేదు. గమనించాల్సిన విషయమని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

జోగిపేటలో బస్సు కాసేపు ఆగింది. చాయ్ బాగుంటుంది, మిరపకాయ బజ్జీలు మాత్రం నిన్నటివి. మళ్లీ ఫోన్ తీశాను. అదే విమానం, ఎనిమిది వేల తొమ్మిది వందలు. మూసేశాను. బస్సు కదిలాక తెరిస్తే తొమ్మిది వేల ఆరు వందలు. పైన ఆకుపచ్చ అక్షరాల్లో ఒక మాట: "ఈ ధర ప్రత్యేకంగా మీ కోసం."

అప్పుడు తెర మూలన ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. తాను కృత్రిమ మేధ సహాయకుణ్ణని, నాతో తెలుగులో మాట్లాడగలనని చెప్పింది. "మీ ప్రయాణం అత్యవసరమా అండీ? కారణం చెబితే మీకు తగిన ధర వెతుకుతాను."

అంగడికి ఎద్దులు తోలుకొచ్చిన రైతును నేను ఎలా చూస్తానో చెప్పాలి. ఎద్దు పళ్లు తర్వాత, ముందు మనిషిని చూస్తాను. వెంట భార్య వచ్చిందా, మాటిమాటికీ ఫోన్ మోగుతోందా, పొద్దు వంక చూసుకుంటున్నాడా. "దవాఖాన ఖర్చుందన్నా" అని నోరు జారాడంటే నా వేళ్లలో ఒకటి మడుచుకుంటుంది. ఒక వేలు మడిస్తే ధరలో వెయ్యి తగ్గినట్లు. ఇన్నేళ్లుగా అలా ఎన్ని వేళ్లు మడిచానో నాకే తెలియదు. అవసరం బయటపెట్టిన వాడి గతి ఏమిటో నాకంటే తెలిసినవాడు మా తాలూకాలో లేడు.

అయినా నేను చెప్పాను. నన్ను "అండీ" అన్నది. అంత పెద్ద కంపెనీ దళారీ పని చేస్తుందని అనుకోలేదు. "నా స్నేహితుడి అన్న చనిపోయాడు, అయిదింటికి మట్టి, దయచేసి తగ్గించండి" అని వేలితో ఒక్కొక్క అక్షరం కొట్టాను.

"మీకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాం. మీ కోసం రెండు సీట్లు సిద్ధంగా ఉన్నాయి," అన్నది. కింద ధర: ఒక్కొక్కరికి పద్నాలుగు వేల ఏడు వందలు.

నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ముందు సీట్లోని పిల్ల వెనక్కి తిరిగింది. పేరు సంగీత, మనూర్ మండలంలో ఏదో పల్లె, హైదరాబాద్‌లో చదువుతోంది. సంగతి విని తన ఫోన్‌లో అదే విమానం చూసింది.

"నాకు ఆరువేల తొమ్మిది వందలే సూపెడ్తుంది అంకుల్!"

"సీట్లు గవేనా బిడ్డా?" అన్నాడు మహబూబ్ భాయ్.

"గవే. ఆగుండ్రి, నా ఫోన్ల చేద్దాం."

ఇద్దరి పేర్లూ కొట్టింది. డబ్బు నా ఖాతాలోంచి పోవాలి కనుక నా ఫోన్ నంబర్ అడిగింది. చెప్పాను. తెర ఒక్క క్షణం తెల్లబడి, "ధర మారింది" అని చూపింది. పద్నాలుగు వేల ఏడు వందలు.

"గిదేంది!" అని అరిచింది సంగీత. బస్సులో సగంమంది ఇటు తిరిగారు. "మీ నంబర్ కొట్టంగనే మిమ్ముల గుర్తువట్టింది అంకుల్. మీకు పెట్టిన రేటు నా ఫోన్లకి ఉరికొచ్చింది!"

వెనక ముసలమ్మ అందుకుంది. "మొఖం సూసి ధర చెప్పేటోడు దొంగ. మా ఊరి అంగడిల దళారోల్లు గట్లనే చేస్తరు."

మహబూబ్ భాయ్ తల దించుకున్నాడు. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

"ఇగ కొనెయ్ అన్నా," అన్నాడు మహబూబ్ భాయ్. "ఎద్దుల పైసలున్నయి గదా. పోతె పోనీ."

అప్పుడైనా కొనాల్సింది. సీట్లున్నాయి, డబ్బుంది, టైముంది. కానీ నాకు కోపం తలకెక్కింది. మనిషి కూడా కాదు, ఒక యంత్రం నన్ను ముంచుతుందా అనిపించింది. "కొనను. విమానాశ్రయంల కౌంటర్ ఉంటది. మనిషి ఉంటడు. మొఖం మొఖం సూసుకొని మాట్లాడ్త," అన్నాను.  బేరంలో నా మాటకు మహబూబ్ భాయ్ ఎన్నడూ అడ్డు చెప్పడు.

మియాపూర్‌లో దిగి విమానాశ్రయం బస్సు పట్టుకుని చేరేసరికి పదకొండు అయింది. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇంకో గంట ముందే బయలుదేరడం మంచిది. లోపలికి వెళ్లక ముందే, బయట అద్దం వెనక కౌంటర్ ఉంది. ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పన్నెండున్నర విమానం నిండిపోయిందని చెప్పింది. చివరి సీట్లు అరగంట కిందటే అమ్ముడయ్యాయట.

"ఎవరు కొన్నరమ్మా? ఎంతకు కొన్నరు?"

"అది చెప్పలేం సార్. మూడున్నరకు ఇంకొకటి ఉంది. అయిదూ ఇరవైకి సూరత్‌లో దిగుతుంది. ఒక్కొక్కరికి పదిహేను వేల రెండు వందలు."

"పొద్దుగాల ఆరువేలున్నది పదిహేను వేలెట్లయింది? చావు చెప్పినందుకా?"

"ధరలు మా చేతిలో ఉండవు సార్. సిస్టమ్ ఇస్తుంది. ఒక్కో కస్టమర్‌కు ఒక్కోటి వస్తుంది. మాకూ ఇక్కడే కనపడుతుంది."

"మరి ఎవరి చేతిలుంటయి? గా మనిషిని పిలువు!"

"మనిషి ఎవరూ ఉండరు సార్," అంది. వెటకారంగా కాదు, నిజంగానే. నేను కౌంటర్ మీద గుద్దాను. తుపాకీ జవాను ఇటు నడిచాడు. మహబూబ్ భాయ్ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, ఆ అమ్మాయితో మెల్లగా, "రెండు ఇయ్యి బేటీ," అన్నాడు. సూరత్‌కు ఫోన్ చేసి, ఇంకొంచెం సేపు ఆపమని బతిమాలుకున్నాడు.

లోపల ఇడ్లీ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇంటి నుంచి రొట్టెలు కట్టుకుపోండి, తనిఖీలో ఏమీ అనరు. కానీ ఆ ఇడ్లీ ధర బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. సూటువాడికీ మాకూ అదే ధర. దోపిడీయే, అయినా వెలుతురులో జరిగే దోపిడీ.

విమానంలో మా పక్కన చీరల వ్యాపారి కూర్చున్నాడు, నెలకు రెండుసార్లు సూరత్ పోయే మనిషి. ఈ పొద్దునే కొన్నాడట, అయిదు వేల రెండు వందలకు. మా సంగతి విని నవ్వాడు.

"నేను నాలుగు వారాలుగా పోలేదు. నన్ను మళ్లీ ఎక్కించుకోవాలని తగ్గించింది. మీరు పొద్దున నుంచి ఎన్నిసార్లు చూశారు?"

"ఆరేడుసార్లు."

"ప్రతిసారీ అది రాసుకుంది. ఈ ఫోన్, ఈ ఊరు, ఈ వేళ, ఇన్నిసార్లు తిరిగొచ్చాడు. మీరు ఎంత దాకా ఇవ్వగలరో అది లెక్కకడుతుంది. ఏఐ అంటే అదే. వెళ్లిపోయిన వాణ్ణి పిలవదు. తిరిగొచ్చిన వాణ్ణి పిండుతుంది."

మహబూబ్ భాయ్ కిటికీ పక్కన ఉన్నాడు. కింద మబ్బులు కనిపిస్తున్నా చూడడం లేదు. చేతిగడియారం వంకే చూస్తున్నాడు. ఆ గడియారాన్ని చూస్తూ నాలో నేను మండిపోయాను. తువ్వాల కింద నేను చేసింది తప్పే. కానీ అక్కడ రైతు వేళ్లు నా వేళ్లకు తగులుతాయి. అతని అరచేయి చెమట నాకు తెలుస్తుంది. మరీ ముంచితే, వచ్చే వారం అదే అంగడిలో నా చొక్కా గల్లా పట్టుకోగలడు, పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దీనికి చెయ్యి లేదు, గల్లా లేదు. చావును కూడా ఒక లెక్కగా రాసుకుని, చింతిస్తున్నామని చెప్పి, ధర ఇంకో అయిదు వేలు పెంచింది. దీన్ని తయారుచేసిన వాళ్లు ఎక్కడో చల్లని గదిలో కూర్చుని తామేమీ చేయలేదని అంటారు. నేనూ ఇన్నాళ్లూ అదే అన్నాను. ధర నేను పెట్టలేదు, అంగడి పెట్టింది అని.

విమానం పది నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఆటోవాడు జనంలోంచి దూరిపోతూ తెచ్చినా, ఖబ్రస్తాన్ చేరేసరికి ఆరు దాటింది. గేటు దగ్గర అన్న కొడుకు ఎదురొచ్చి మహబూబ్ భాయ్‌ని పట్టుకుని ఏడ్చాడు.

"అసర్ అయినంక గూడ అర్ధగంట ఆపినం చాచా. అందరు ఇగ జల్దీ కానీయుండ్రి అన్నరు. మేమేం చేస్తం?"

సమాధి నింపేశారు. పైన నీళ్లు చల్లిన మట్టి ఇంకా నల్లగా ఉంది. మహబూబ్ భాయ్ చెప్పులు విడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూడు పిడికిళ్ల మట్టి తీసి పైన వేశాడు. మూడో పిడికిలి తర్వాత చెయ్యి అక్కడే పెట్టి ఉంచాడు, కింద ఏదో తడుముతున్నట్లు. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరికి పోయే ముఖం నాకు లేదు.

బయటకు వచ్చాక చెప్పులు తొడుక్కుంటూ ఒక్క మాట అన్నాడు. "డిపోల నిలవడ్డప్పుడే నేను కొను అన్న గదా, విఠలన్నా."

కోపంగా అనలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మూడోనాటి ఫాతిహా ప్రార్థన అయ్యేదాకా అతను అక్కడే ఉంటానన్నాడు. నేను మర్నాడు ఒక్కణ్ణే రైలెక్కాను. స్లీపర్ టికెట్ దొరకడం కష్టమే, అయినా ఎవరో రద్దు చేసుకున్నది దొరికింది. సోలాపూర్‌లో వేడివేడి ఉప్మా వస్తుంది, వదులుకోకండి. నా ఎదురు బెర్తు వాళ్లు ఎంతకు కొన్నారని అడిగాను. నా ధరే. పై బెర్తు వాళ్లనూ అడిగాను. వాళ్లదీ అదే. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్లు చూశారు.

లింగంపల్లిలో దిగి సంగారెడ్డి, అక్కడి నుంచి నారాయణఖేడ్ బస్సు. ఆందోల్ దాటాక ఒకాయన లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. కల్హేర్ వైపు రైతు, పేరు సాయప్ప. రెండు మూడుసార్లు నా చేత ఎద్దులు అమ్మించాడు.

"విఠల్ సేటూ, మంచిగ దొరికినవ్. ఈ అంగడికి జత తోలుకొస్తున్న. నువ్వే అమ్మివెట్టాలె. మా ఇంటిది సంగారెడ్డి దవాఖానల ఉన్నది, సోమారం ఆపరేషన్, శాన పరేషాన్‌ల ఉన్న..."

నా కుడిచెయ్యి ఒళ్లో ఉంది. ఒక వేలు దానంతట అదే మడుచుకుంది. చూసుకుంటే సిగ్గేసింది. ఆ చేత్తోనే సాయప్ప మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"సాయప్పా, గా మాట అంగడిల ఎవ్వనికి చెప్పకు," అన్నాను. "నాకు గూడ చెప్పకు."

అతనికి అర్థం కాలేదు. భుజం మీది తువ్వాల తీసి మడిచి సంచిలో పెట్టాను. "నీ జత ధర నలుగురి ముంగట నోటితోని చెప్తం. సరేనా?"

"గట్ల ఎవరన్న చెప్తరా సేటూ?" అని నవ్వాడు సాయప్ప. బస్సు నారాయణఖేడ్ డిపోలోకి తిరిగింది.