అచ్చాయమ్మ మళ్ళీ వచ్చింది

పొద్దున లేవగానే వంటింట్లో ఏ గిన్నెలో సముద్రం నానుతోందో చూసుకొని గానీ పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని కాదు. ఇప్పుడు చూడనక్కర్లేదు. ఏ గిన్నెలోనైనా పాలు పోసుకోవచ్చు. ఆయన పోయాక ఇల్లు శుభ్రంగా ఉంది. అదే బాగాలేదు.

మా ఆయనకు ఒకటే పిచ్చి: సముద్రం అడుగు బురద. పేరు రాయక తప్పదు గనుక రాస్తున్నాను, శ్రీరంగనాయకులు గారు. తాడేపల్లిగూడెం కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఏలూరు నుంచి రోజూ రైలే. ఓడల మీద వెళ్ళి గొట్టాలు దించి తీసిన బురద ఎవరు పంపినా, టిఫిన్ కేరియర్‌లో పెట్టుకొని ఇంటికి తెచ్చేవారు.

ఒకసారి భీమడోలు దాటాక, ఎదురు సీట్లో ఉన్న బాపిరాజు గారికి ఆ వాసన తగిలింది. ఆయనకు మండవల్లిలో చేపల చెరువులున్నాయి.

"మాస్టారూ, ఇవాళ ఏం కూరండీ?"

"బంగాళాఖాతమండీ," అని ఈయన మూత తీసి చూపించారట.

బాపిరాజు గారు ముక్కు మూసుకొని, "ఉప్పు ఎక్కువైనట్టుందండీ," అన్నారట.

"లేదండీ, గోదారి కలిసింది. తగ్గే ఉంటుంది. ఎంత తగ్గిందో గుల్లలు చెప్పాలి."

నేను ఐదో తరగతి దాటలేదు. నాకూ చెప్పారు. ఆ బురదలో ఆవగింజలో సగం కూడా లేని గుల్లలుంటాయి. అందులోని ప్రాణి గుల్ల కట్టుకునేటప్పుడు, చుట్టూ నీళ్ళలో ఉన్నది కాస్త అందులో కలిసిపోతుంది. నది మోసుకొచ్చే నీళ్ళలో బేరియం అనేది ఎక్కువట. గుల్లలో అదెంతుందో మిషన్ మీద కొలిస్తే, వేల ఏళ్ళ కిందట సముద్రంలోకి గోదారి నీళ్ళు ఏపాటి వచ్చాయో తెలుస్తుందట.

"అంటే పులుసు రుచి చూసి చింతపండు ఎంత వేశారో చెప్పడమాండీ?"

"అంతే. కాకపోతే పులుసు పెట్టినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. గిన్నెకంటిన మరకే మిగిలింది."

మా అమ్మ పోయినప్పుడు నేను అన్నం మానేశాను, మాట మానేశాను. రోజంతా గోడకానుకొని కూర్చునేదాన్ని. అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళారు. ఈయన మాత్రం మైక్రోస్కోపు, నల్ల పళ్ళెం, సన్న కుంచె తెచ్చి నా ముందు పెట్టారు.

"చంద్రకళా, నాకు కళ్ళు ఆనడం లేదు. గుల్లలు ఏరేవాళ్ళు లేక పని ఆగిపోయింది. బియ్యంలో రాళ్ళు ఏరతావుగా, కాస్త చూడు."

కళ్ళు ఆనని మనిషికి నా కాఫీ గ్లాసులో చీమ గుమ్మంలోంచే కనిపించేది!

సరే, కూర్చున్నాను. తడి కుంచె మొనతో ఒక్కో గుల్లనీ ఎత్తి డబ్బీలో వేయడమే. అంచు విరిగినదొకటి మాటిమాటికీ వచ్చేది.

"ఏవండీ, దీన్ని మొన్ననే ఏరానండీ!"

"వాళ్ళక్క అయ్యుంటుంది."

కొన్నాళ్ళకు మళ్ళీ.

"అక్క కూడా వచ్చి వెళ్ళిందండీ!"

"అయితే మేనత్త. ఆ ఇంట్లో అందరిదీ ఒకటే పోలిక."

మా పక్కింటి అచ్చాయమ్మగారు వెళ్ళొస్తానని చెప్పులేసుకొని, మళ్ళీ విప్పి కూర్చుంటారు. గుల్లకు ఆవిడ పేరే పెట్టాను. "అచ్చాయమ్మ మళ్ళీ వచ్చిందండీ," అంటూ, అమ్మ పోయాక మొదటిసారి నవ్వాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగిపోయింది.

మొన్న తేజస్వి వచ్చింది. ఆయన శిష్యురాలు, ఇప్పుడు గుల్లలు కొలిచే ల్యాబులోనే ఉద్యోగం. ఆయన పని నా మూలంగా ఆగిపోతుందేమోనని నా దిగులు. ఆఖరి పళ్ళెం తెచ్చి చూపించాను.

"ఇది ఏరడం ఒక్కటే మిగిలిందమ్మా. ఏరి పంపిస్తాను, కొలిచిపెట్టు."

తేజస్వి మైక్రోస్కోపులోంచి చూసి, నవ్వు ఆపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంది.

"అమ్మగారూ, ఈ మట్టిలో గుల్లలు కొలవడం నా చదువప్పుడే అయిపోయిందండీ. మీరు ఏరినవన్నీ సార్ మళ్ళీ ఇందులోనే కలిపేసేవారు. ఇదేంటి సార్ అంటే, 'ఇవి అయిపోతే మీ అమ్మగారు మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోతారమ్మా' అన్నారండీ."

"మరి ఆ కళ్ళు?"

"సార్ కళ్ళకేమండీ! నా పేపర్లో కామా లేకపోయినా దొరికిపోయేదాన్ని."

ఇన్నేళ్ళూ ఒకే సముద్రాన్ని తిప్పి తిప్పి ఏరించారన్నమాట! కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

తేజస్వి వెళ్ళాక పళ్ళెం ముందేసుకొని, అన్నీ ఏరాను. అంచు విరిగింది ఒక్కటే మిగిలింది. ఇంతలో వాకిట్లో చెప్పులు విప్పిన చప్పుడు. అప్పుడే వెళ్ళొస్తానన్న అచ్చాయమ్మగారు.

"ఇంకా అవ్వలేదా అమ్మాయ్?"

"ఒక్కటే ఉందండీ."

"ఒక్కటేగా, తీసి పారెయ్యరాదూ!"

"ఉండనివ్వండి, అచ్చాయమ్మగారూ," అని కుంచె కడిగి పెట్టేశాను. "తీస్తే, మళ్ళీ కలిపేవాళ్ళు లేరు."