సుగుణ మేడమ్ ఇచ్చిన మట్టి

ఈ ఉదయం మద్దిలపాలెంలోని మా ల్యాబులో వెనిగర్ సీసా మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకి తగిలి, సుగుణ మేడమ్ గుర్తొచ్చేశారు. కాలేజీ నుంచి రిటైరయ్యాక ఆవిడ సీతమ్మధారలో తన డాబా మీద కుండీల్లో మొక్కజొన్న పెంచేవారు. కంకుల కోసం కాదు, వేళ్లలో కాపురముండే శిలీంధ్రం కోసం! దాన్ని ముద్దుగా బూజు అనేవారు. "వేరు వెళ్లలేని చోటికి దీని పోగులు వెళ్లి తిండీ నీళ్లూ మోసుకొస్తాయమ్మా" అని మొదటిరోజే చెబితే, ఆవిడకి సాయంగా అప్పుడే పనిలో చేరిన నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే మాది సబ్బవరం వైపు ఎర్ర గులకరాళ్ల మెరక. నాన్న వేసిన చోడి, అదే రాగి పైరు, రెండేళ్లుగా మోకాలెత్తు దాటలేదు. "ఈపాలి పండకపోతే నాను పోర్టు కాడ గోడౌనుకి వాచ్‌మేన్‌గా పోతాను" అనేశాడు. చేను లేని నాన్నని నేను ఊహించుకోలేకపోయాను.

మేడమ్ కుండీల్లోని మట్టిని, తరిగిన వేళ్లతో సహా, రెండు బస్తాలకెత్తి ఇచ్చారు. నారు నాటే చాళ్లలో వేయమన్నారు. "డీఏపీ ఎరువు మాత్రం వద్దు. కడుపు నిండిన వేరు బూజుని గుమ్మం తొక్కనివ్వదు." బుద్ధిగా తలూపాను. తీరా చేలో నాన్న మొహం చూశాక మనసు ఆగలేదు. ఆయన అన్నానికి వెళ్లగానే ఇంట్లో మిగిలిన డీఏపీ తెచ్చి చాళ్లలో చల్లేశాను. చివరి రెండు చాళ్లకి చాల్లేదు.

మొదట్లో చేను నిగనిగలాడింది. ఆ తర్వాత మూడు వారాలు చినుకు లేదు. నాన్న ఫోన్ చేశాడు.

"ఏటమ్మా ఇది! సేనంతా తలొంచేసింది. సివరి రెండు సాళ్లే నిలబడ్డాయి. వాటికేటి సేసినావ్?"

మేడమ్ దగ్గరికి పరుగెత్తి అంతా కక్కేశాను. ఆవిడ తిట్టలేదు. రెండు రకాల వేళ్లూ తెప్పించి, ఉడికించి, వెనిగర్‌లో సిరా కలిపి రంగేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. డీఏపీ తిన్న వేరు దాదాపు ఖాళీ. రెండోదాన్నిండా నీలం పోగులే పోగులు! ఇద్దరం చిన్నపిల్లల్లా కేకలేశాం. కాసేపటికి మేడమ్, "ఇక మీ నాన్నకి నువ్వే చెప్పు. లేకపోతే తప్పు భూమిదనుకుని వెళ్లిపోతాడు" అన్నారు.

చెప్పాను. నాన్న, "అయితే నా బూమి సచ్చిపోలేదన్నమాట" అని నవ్వాడు. "ఆ గోడౌనోడికి రానని సెప్పేస్తాను."

మేడమ్ ఇప్పుడు లేరు. ల్యాబులో నేను పెంచే ఆ బూజు మట్టి కోసం నా దగ్గరికొచ్చే ప్రతి రైతుకీ ముందు మా నాన్న చేను ఎండబెట్టింది నేనేనని చెబుతాను. ఇన్నేళ్లయినా సిగ్గేస్తుంది. అయినా అక్కణ్నుంచే మొదలుపెడతాను, అప్పుడే వాళ్లు డీఏపీ బస్తా పక్కన పెడతారు.