అతుకు దగ్గర రెండు వేళ్ల గుర్తు

మా మరిది పోయాడు. హిందూపురం బయట కార్ల ఆయిల్ ఫిల్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, తన గదిలో, మధ్యాహ్నం భోజనం ముగించి కుర్చీలో వెనక్కి వాలాడట. టీ తెచ్చినవాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఫోను చేసింది నా తోడికోడలు. "అక్కా, మీ మరిది..." అని ఆగిపోయింది. మిగతాది పక్కనున్న ఎవరో అందుకుని చెప్పారు. పొయ్యి మీది పాలు దించి, ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కాను. దారిలో నాకు తట్టిన సంగతి చెబితే మీకు వింతగా ఉంటుంది. మా కుక్కర్ రబ్బరు వదులైంది, మార్చమని అతను చెప్పి చాలా రోజులైంది. నేనింకా మార్చలేదు.

ఆ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని అతనిది. తయారైన సరుకులో ఏది గేటు దాటవచ్చో, ఏది దాటకూడదో తేల్చే సంతకం అతనిదే. ఆ పని ఇంటికి కూడా వెంట వచ్చేది. ఏ వస్తువు చేతికి వచ్చినా దాని అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూసేవాడు. "వదినా, ఈ చెంబు యాడ కొంటివి? అంచు కోస్తాంది, పిల్లలకు ఇయ్యద్దు" అనేవాడు. హోటల్లో కుర్చీ ఊగితే సర్వరు మీద అరిచేవాడు కాదు. జేబులోంచి కాగితం తీసి, మడిచి, కుర్చీ కాలి కింద పెట్టి కూర్చునేవాడు. వచ్చేటప్పుడు ఆ కాగితం సంగతి కౌంటరు దగ్గర చెప్పి వచ్చేవాడు.

"ఈ మనిషితో పెండ్లికి పోతే తిండి తినేది లేదక్కా, పందిరి గుంజలు కదిలించి చూస్తాంటాడు" అని నా తోడికోడలు తల కొట్టుకునేది.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. తప్పు కనబడితే ఎవరు చేశారో వెంటనే తేలాలి నాకు. మా మనవరాలి చిన్నతనంలో ఒకరోజు వంటింట్లో నెయ్యి సీసా కింద పడి పగిలింది. "ఎవరు పడేసింది?" అన్నాను. "నేను కాదవ్వా" అని పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఆ రోజు మరిది ఇంట్లోనే ఉన్నాడు. అలమరా ముందుకు వచ్చి నిలబడి, "ఏంటికి పడింది?" అన్నాడు. ఎందుకు అనడానికి మా వైపు ఏంటికి అంటారు. బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి అర మీద పెట్టాడు. అది మెల్లగా దొర్లుకుంటూ వచ్చి అతని అరచేతిలో పడింది.

"అర వాలింది, వదినా. ఈ పొద్దు సీసా, రేపు ఇంగొకటి."

"అర వాలితే వాలింది. తలుపు దబాలున వేసిందెవరు?"

"నువ్వు వదలవు గదా!" అని నవ్వాడు. తరువాత అన్న మాట నాకు బాగా గుర్తు. "పేరు దొరకంగానే అందరూ ఇండ్లకు పోతారు, వదినా. తప్పు మాత్రం ఆడనే కూచోనుంటాది."

ఒకసారి ఫిల్టరును కోసి తెచ్చి నాకు చూపించాడు. బయట ఇనుప డబ్బా, లోపల చీర కుచ్చిళ్ల మాదిరి మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితాన్ని గుండ్రంగా చుట్టి, రెండు కొసలూ కలిపి బంకతో అతికిస్తారు. ఇంజన్లోని నూనె ఆ మడతల్లోంచి పోతూ మురికిని వదిలేస్తుంది. "మనం కాఫీ వడగట్టే మాదిరే. అతుకు యాడన్నా విడిచిందంటే నూనె వడగట్టుకోకుండా ఆ సందులోంచి పోతాది. పైకి ఏమీ కనపడదు. బండి నడుస్తానే ఉంటాది, లోపల అరిగిపోతాంటాది" అన్నాడు. అది చెబుతున్నప్పుడు అతని ముఖం, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని చెప్పే మనిషి ముఖంలా ఉంది.

అనుకున్నట్టే అయింది. ఆ మరుసటి ఎండాకాలంలో కదిరి వైపు ఒక టాక్సీ డ్రైవరు బండి నడిదారిలో ఆగిపోయింది. మెకానిక్కు ఫిల్టరు కోసి చూస్తే లోపల కాగితం అతుకు నోరు తెరుచుకుని ఉంది. ఈ ఫ్యాక్టరీ సరుకు కొని కార్ల సర్వీసు షెడ్లకు పంపే గోదాము ఒకటి పెనుకొండ దగ్గర ఉంది. వాళ్లు తమ దగ్గరున్న ఫిల్టర్లలో కొన్నింటిని వేడి నూనెలో పెట్టి చూశారు. కొన్ని నిలిచాయి, కొన్ని విడిపోయాయి. పెట్టెలన్నీ వెనక్కి పంపేశారు. కారణమేమిటో, బాధ్యులెవరో రాసి పంపేవరకూ మీ సరుకు మాకొద్దన్నారు.

"అన్నీ విడిపోయింటే బంక చెడిందనేటోన్ని. కొన్నే విడిపోతాండాయి వదినా, అదే అంతుపట్టడంలేదు" అన్నాడు మరిది. బంక మార్చి చూశాడు, పొయ్యి వేడి చూశాడు, కాగితం చెమ్మ చూశాడు. వెనక్కి వచ్చిన ఫిల్టర్లను కోస్తూ కూర్చున్నాడు. విడిపోయిన ప్రతి అతుకు మీదా లేత బూడిదరంగు మరకలు రెండు, పక్కపక్కన ఉన్నాయి. ఒక ముక్క తెచ్చి నాకు చూపించాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను.

"వేలి గుర్తులప్పా ఇవి."

"గుర్తులు సరే. ఆ రంగు ఏంటికి?"

ముక్కను కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి మళ్లీ చూశాను.

ఆ రోజుల్లోనే మా మనవరాలికి పెళ్లి కుదిరింది. ముహూర్తం చీర కోసం మరిదిని వెంటబెట్టుకుని ధర్మవరం పోయాను. అంచు చీర ఒంటి నేతతో కలిసేచోట ఏ చిన్న లోపమున్నా అతని బొటనవేలికి తెలియకుండా పోదు. నేసేవాళ్ల ఇంట్లో నేను చీరలు విప్పించి చూస్తుంటే, అతను మగ్గం దగ్గర నిలబడిపోయాడు. ఆ ఇంటి పెద్దావిడ పాత పడుగు చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. పక్కన కొబ్బరిచిప్పలో మెత్తటి బూడిద. రెండు వేళ్లు అందులో అద్దుతుంది, పోగులు మెలిపెడుతుంది, మళ్లీ అద్దుతుంది.

"ఏంటికమ్మా ఆ బూడిద?"

"లేకుంటే జారిపోతాది గదప్పా. పట్టు పోగు చెమట చేతికి నిలస్తాదా?"

"అందరూ ఇట్లనే చేస్తారా?"

"బూడిద లేకుండా పడుగు అతకడానికి కూచుంటే ఈ వీధిలో నవ్వుతారు. ఏమి, నేర్చుకుంటారా? కూచోండి, ఇంగో మగ్గం ఖాళీగానే ఉండాది!"

ఇంట్లో అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. చీర నేనే చూసుకుని కొన్నాను. తిరుగు రైలులో అతను కిటికీ పక్కన కూర్చుని, పెనుకొండ దాటేవరకూ రెండు వేళ్ల కొసలు బొటనవేలితో రుద్దుకుంటూనే ఉన్నాడు. కొండ వెనకబడ్డాక అన్నాడు, "దొరికింది వదినా."

"ఎవరు?"

"ఎవరు కాదు. ఏంటికి దొరికింది."

ఎవరో కూడా అతనికి అప్పటికే అర్థమైంది. కాగితం అతికే బల్ల దగ్గర పనిచేసేవాళ్లలో ధర్మవరం నుంచి వచ్చేది ఒక్కామే. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. భర్త నడుము పట్టేసి మంచానికే పరిమితమయ్యాడు. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి హిందూపురం వచ్చి ఆమె చేసే ఈ పని మీదే ఆ ఇల్లు నడుస్తోంది. రిపోర్టులో ఆమె పేరు పడితే ఆ పని పోతుంది.

మరుసటి రోజు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడట. ఎట్ల అతుకుతావో చూపించమ్మా అని అడిగాడట. ఆమె సంతోషంగా రొండిన దోపుకున్న విబూది పొట్లం విప్పి, రెండు వేళ్లు అద్ది, కాగితం కొసలు పట్టుకుని చూపించింది. దాపరికమేమీ లేదు. తప్పని తెలిస్తే కదా దాచడానికి! కంపెనీ ఇచ్చిన చేతి తొడుగులు మగవాళ్ల కొలతవి. ఆడవాళ్ల వేళ్లకు కొసల్లో వేలాడేవి, కాగితం పట్టు దొరికేది కాదు. అందుకని బల్ల దగ్గర అందరూ వాటిని పక్కన పెట్టి ఒట్టి చేతులతో చేసేవాళ్లు. చెమటకు కాగితం తడవకూడదని, జారకూడదని, ఈమె ఒక్కతే తనకు తెలిసిన జాగ్రత్త తీసుకుంది. ఆ బూడిద మీద బంక పట్టలేదు.

సంగతి విన్నాక ఆమె పొట్లం గబగబా మడిచేసిందట. "నా అతుకు ఇంతవరకు విడిపోలేదు సార్. ధర్మవరంలో ఎవరినన్నా అడగండి."

"నీ అతుకు మంచిదేనమ్మా. నీ బూడిదకు, మా బంకకు పొసగలేదు, అంతే" అన్నాడట.

యజమానితో జరిగిన మాటలు మాత్రం మా ఇంట్లో భోజనానికి కూర్చుని గొంతు మార్చి మరీ చెప్పాడు. నా తోడికోడలు నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఎవరప్పా ఆ యమ్మ? పేరు రాసి పంపు. ఒకరిని తీసేసినామంటే వాళ్లూ ఊరుకుంటారు."

"రాస్తా సార్. ముందర తొడుగులు కొనిందెవరో రాయాల. ఆ యమ్మ పేరు దాని కింద వస్తాది."

"కొనింది నేనే గదప్పా!"

"అందుకే అడుగుతాండా సార్. పేర్లు రాసేదా, సైజు రాసేదా?"

సైజు రాయమన్నాడట.

గోదాము వాళ్లు అంత సులువుగా వదల్లేదు. బాధ్యుల పేరేదని మళ్లీ అడిగారు. మరిది పెనుకొండ పోయి వాళ్ల ముందే రెండు ఫిల్టర్లు వేడి నూనెలో పెట్టి చూపించాడు. ఒకటి బూడిద చేత్తో అతికింది, ఒకటి సరైన తొడుగుతో అదే మనిషి అతికింది. మొదటిది విడిపోయింది, రెండోది నిలిచింది. సరే కానీ, ఇకమీద ప్రతి పెట్టెలోంచీ ఒకటి కోసి మీరే చూసి సంతకం పెట్టాలి అన్నారు. ఒప్పుకుని వచ్చాడు. నిజానికి ఆ తరువాత వచ్చే ఉగాదికి అతను రిటైరు కావాలి. ఇంటి వెనక ఖాళీ జాగాలో కూరగాయలు వేస్తానని పాదులు కూడా తవ్వించుకున్నాడు. మాట ఇచ్చాక ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు. పాదుల్లో గడ్డి మొలిచింది.

అతనితో నేను వాదించకపోలేదు. "ఆ డ్రైవరు సంగతేమి? దారిలో ఆగిపోయింది అతని బతుకుతెరువు. ఎవరి తప్పూ కాదంటే ఆ మనిషికి జవాబెవరు చెప్తారు?" అన్నాను.

"కదిరికి పోయొస్తి వదినా" అన్నాడు. కంపెనీ చేత ఇంజను బాగు చేయించి, అది పూర్తయ్యేదాకా సెలవు రోజుల్లో పోయి షెడ్డులో కూర్చుని వచ్చాడని నాకు అప్పుడే తెలిసింది. "ఏంటికి ఆగిందో ఆయప్పకు చెప్పినా. ఎవరు చేసినారని ఆయప్ప అడగలా. మళ్లా ఆగదు గదా సార్ అని అడిగినాడు."

మరిది మాటకు నేను పూర్తిగా ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. తప్పు చేసిన మనిషికి అది తన తప్పని తెలియాలి. అయితే ఆమెకు తెలిసింది కదా, అతను చెప్పాడు కదా, పని పోలేదు అంతే కదా అనుకుంటే, నా వాదంలో ఏం మిగిలిందో వెతుక్కోవలసి వస్తుంది.

అతను పోయాక ఆ ఇంటికి వచ్చినవాళ్లందరూ అడిగింది నా ప్రశ్నే. ఎవరు చూసుకోలేదు, ఎవరు ఆలస్యం చేశారు, ఎవరివల్ల. గుండె రక్తనాళాలు చాలా కాలంగా మూసుకుపోతున్నాయని డాక్టరు చెప్పాడు. నా తోడికోడలికి ఆ మాట చాల్లేదు. "ఆ యమ్మ కోసరం మాట ఇయ్యకపోయింటే ఇంట్లో ఉండేటోడు గదక్కా. పాదులకు నీళ్లు పోసుకుంటా ఉండేటోడు" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను లెక్కల మనిషిని. ఆ లెక్కలో ఏది తీసేస్తే జవాబు మారేదో నాకు తెలియలేదు. ఆమె వీపు నిమిరాను.

దినాల రోజు ఫ్యాక్టరీ ఆడవాళ్లు వచ్చారు. అందరూ లోపలికి వచ్చి ఫొటోకు దండం పెట్టుకున్నారు. ఒకామె మాత్రం గడప అవతలే నిలబడిపోయింది. ధర్మవరం ఆమె అని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. నా తోడికోడలికీ తెలిసినట్టుంది, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అప్పుడే ఫొటోకు వేస్తున్న చామంతి దండ మేకుకు తగులుకుని పుటుక్కున తెగింది. పూలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "ఎవరు లాగింది?" అని ఎవరో గట్టిగా అరిచారు. ధర్మవరం ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కింద కూర్చుని పూలు ఒళ్లోకి ఏరుకుంది. ఫొటో ముందున్న పళ్లెంలోని విబూదిలో రెండు వేళ్లు అద్ది, తెగిన దారం కొసలు కలిపి మెలిపెట్టసాగింది.

నా తోడికోడలు గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఏంటికమ్మా, ముడి వేస్తే పోదా?" అంది.

"ముడి వేస్తే ఆడ పూలు ఎడం అవుతాయమ్మా. సార్‌కు కనపడతాది."

నా తోడికోడలు లేచి వచ్చి, దండ రెండో కొస పట్టుకుని ఆమెకు ఎదురుగా కూర్చుంది. రాలిన పూలు ఇద్దరూ కలిసి గుచ్చారు. దండ ఫొటోకు వేశాక, అందరూ భోజనాల వైపు కదిలినప్పుడు, నేను దగ్గరికి పోయి దారం వెంట బొటనవేలు జరిపి చూశాను. అతుకు ఎక్కడుందో వేలికి దొరకలేదు. ఒకచోట తెల్లటి చామంతి రేకుల మీద మాత్రం బూడిదరంగు మరకలు రెండు, పక్కపక్కన ఉన్నాయి.